విద్యల పొత్తు: కలిపి చదవడం, కలిసి చదవడం

ఒకే ఇతివృత్తం చుట్టూ రెండు మూడు కోర్సులను జతచేసి, వాటన్నిటినీ ఒకే విద్యార్థి బృందం ఒకే సెమిస్టర్‌లో చదివే ఏర్పాటును అమెరికా కాలేజీల్లో లెర్నింగ్ కమ్యూనిటీ అంటారు. తెలుగులో అధ్యయన బృందం అనుకోవచ్చు. ఉదాహరణకు నీరు ఇతివృత్తమైతే రసాయనశాస్త్రంలో నీటి కాలుష్యం, అర్థశాస్త్రంలో నీటికి వెల కట్టే పద్ధతులు, చరిత్రలో నదీతీర నాగరికతలు పాఠాలవుతాయి. వ్యాసరచన తరగతిలో ఆ మూడింటి మీదా రాయాలి. ఉదయం ప్రయోగశాలలో పక్కపక్కన నిలబడినవారే మధ్యాహ్నం చరిత్ర తరగతిలోనూ పక్కపక్కన కూర్చుంటారు.

ఈ ఏర్పాటు స్థూలంగా మూడు రకాలు. మొదటి రకంలో విడివిడి కోర్సులు విడిగానే ఉంటాయి. అధ్యాపకులు ముందుగా మాట్లాడుకుని పాఠాల వరుసను, రాత పనులను సరిచూసుకుంటారు. రెండో రకంలో ఆ కోర్సులకు తోడు, వాటిలో నేర్చినదాన్ని కలిపి చర్చించే ప్రత్యేక సెమినార్ ఒకటి ఉంటుంది. మూడో రకంలో కోర్సుల సరిహద్దులే ఉండవు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి ఒకే ఇతివృత్తాన్ని సెమిస్టర్ అంతా బోధిస్తారు. విద్యార్థికి ఆ కాలంలో అదొక్కటే చదువు.

ఏ రకమైనా దాని అడుగున రెండు నమ్మకాలున్నాయి. వేర్వేరు శాస్త్రాలుగా పంచుకున్న జ్ఞానానికి లోలోపల పొత్తు ఉందన్నది మొదటిది. ఆ పొత్తు ఒంటరి చదువులో కన్నా తోటివారితో సాగే చదువులో బాగా తెలుస్తుందన్నది రెండోది. మొదటిది విషయాలను కలిపి చదవడానికి, రెండోది మనుషులు కలిసి చదవడానికి సంబంధించినది. ఒకటున్నచోట రెండోది ఉండి తీరాలని లేదు.

తెలుగునాట ఇంటర్మీడియట్ చదివినవారికి ఈ తేడా అనుభవమే. ఎం.పి.సి. విద్యార్థులు రెండేళ్లూ ఒకే సెక్షన్‌లో, ఒకే బెంచీల మీద గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతారు. కలిసి చదవడానికి అక్కడ లోటు లేదు. కానీ భౌతికశాస్త్రంలో వేగం, త్వరణం చెప్పే రోజుకు అవసరమైన అవకలనం గణితం తరగతిలో ఇంకా మొదలై ఉండకపోవచ్చు. ఒకే సూత్రం రెండు తరగతుల్లో రెండు వేర్వేరు గుర్తులతో కనిపిస్తే అది ఒకటేనని విద్యార్థి తనంతట తాను కనిపెట్టుకోవాలి. మనుషులు కలిశారు, విషయాలు కలవలేదు. అమెరికా విశ్వవిద్యాలయంలో ఒక దశలో ఈ రెండు కలయికలూ లేకుండా పోయాయి. అధ్యయన బృందాలు ఆ లోటులోంచి పుట్టాయి.

జ్ఞానం ఒకటా, అనేకమా

విద్యలు విడివిడిగా ఉన్నాయా, ఒకే వేరుకు పుట్టిన కొమ్మలా అన్న ప్రశ్న ఉపనిషత్తుల కాలం నాటిది. ముండకోపనిషత్తులో శౌనకుడు అంగిరసుణ్ణి అడిగేది ఇదే: దేన్ని తెలుసుకుంటే మిగిలినదంతా తెలిసినట్టవుతుంది? జవాబుగా అంగిరసుడు విద్యను పర, అపర అని రెండుగా విభజిస్తాడు. నాలుగు వేదాలు, శిక్ష, వ్యాకరణం, ఛందస్సు, జ్యోతిషం వంటి వేదాంగాలు కూడా అపరవిద్యలోకే వెళతాయి. అక్షరమైన తత్త్వాన్ని అందించేది పరవిద్య.

ఛాందోగ్యంలో ఇదే ప్రశ్న రెండు కథలుగా కనిపిస్తుంది. శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట అన్నీ చదివానన్న గర్వంతో తిరిగొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు అడిగిన ఒక్క ప్రశ్నకు ఆ చదువంతటిలో జవాబు దొరకదు. మరో కథలో నారదుడు సనత్కుమారుడి దగ్గరకు వెళ్లి, వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య మొదలుకొని తాను నేర్చినవన్నీ ఏకరువు పెడతాడు. తనకు మంత్రాలే తెలుసు గాని ఆత్మ తెలియదని, అందుకే దుఃఖం తీరలేదని చెప్పుకుంటాడు. నారదుడి జాబితా ఈనాటి మార్కుల మెమో లాంటిది. సబ్జెక్టులన్నీ పాసయ్యాయి, వాటిని పట్టి ఉంచే దారం మాత్రం లేదు.

గ్రీసులో అరిస్టాటిల్ ఇందుకు భిన్నమైన దారి పట్టాడు. తెలుసుకోవడం కోసమే ఉన్నవి, ఆచరణ కోసం ఉన్నవి, వస్తువును తయారుచేయడం కోసం ఉన్నవి అని శాస్త్రాలను మూడుగా విభజించాడు. ఏ శాస్త్రానికి ఆ శాస్త్రపు మూలసూత్రాలు వేరని, గణితంలో కోరే కచ్చితత్వాన్ని నీతిశాస్త్రంలో కోరడం తగదని వాదించాడు. ఈ దృష్టిలో విభజన లోపం కాదు, వస్తువు స్వభావానికి చూపే గౌరవం. ఆధునిక విశ్వవిద్యాలయంలోని డిపార్ట్‌మెంట్లకు తాత్త్వికమైన సమర్థన ఎక్కడైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

జైనుల అనేకాంతవాదం మూడో దారి. వస్తువుకు అనేక ధర్మాలుంటాయి. ఒక్కొక్క నయం, అంటే ఒక్కొక్క చూపు, వాటిలో కొన్నిటినే పట్టుకుంటుంది. అంధగజన్యాయం ఈ సందర్భంలోనే తరచు వినిపిస్తుంది. ఏనుగు కాలు తడిమినవాడు స్తంభమన్నా, చెవి తడిమినవాడు చేట అన్నా ఎవరి అనుభవమూ అబద్ధం కాదు. తనకు దొరికిందే ఏనుగంతా అనుకోవడంలో ఉంది పొరపాటు. ఈ కథలో సాధారణంగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ గుడ్డివాళ్లు పోట్లాట మాని, తాము తడిమినవాటిని ఒకరికొకరు వివరించుకుంటే ఏనుగు ఆకారం కొంతైనా తేలుతుంది. అందరూ ఒకే ఏనుగు చుట్టూ నిలబడ్డారన్నది అందుకు మొదటి షరతు.

ఇతివృత్త కోర్సులు చెప్పే ఏకత్వం ఈ మూడో దారికి దగ్గర. అది పరవిద్య వంటి పరమసత్యం చూపిస్తామనదు, శాస్త్రాల హద్దులు చెరిపేస్తామనీ అనదు. అందరి ఎదుట ఒకే ప్రశ్న ఉంచి, ఒక్కో శాస్త్రం దాన్ని తన పద్ధతిలో ఎంతవరకు తడమగలదో చూపిస్తుంది. అక్కడ ఒక్కటైనది ప్రశ్న. సమాధానాలు అనేకంగానే మిగలవచ్చు.

ఎంపిక స్వేచ్ఛ, దాని మూల్యం

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా కాలేజీలో విద్యార్థులందరూ లాటిన్, గ్రీకు, గణితం, నీతిశాస్త్రం అనే స్థిరమైన క్రమంలో ఒకే చదువు చదివేవారు. 1869 నుంచి 1909 వరకు హార్వర్డ్‌కు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్ ఆ చట్రాన్ని విప్పాడు. విద్యార్థి తనకు నచ్చిన కోర్సులను తానే ఎంచుకునే పద్ధతిని విస్తరించాడు. కొత్త విజ్ఞానశాస్త్రాలకు, ఆధునిక భాషలకు దీనివల్ల చోటు దొరికింది. ప్రతి మనిషి అభిరుచికీ విలువ దక్కింది. ఆ తర్వాత చదువును క్రెడిట్లలో కొలవడం స్థిరపడింది. ఇన్ని క్రెడిట్లు కూడితే ఒక డిగ్రీ. ఆ క్రెడిట్ల మధ్య సంబంధం ఏమిటని అడిగే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

ఈ పరిస్థితిని తాత్త్విక సమస్యగా చూసినవారిలో అలెగ్జాండర్ మికిల్‌జాన్ ముఖ్యుడు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 1872లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన తత్త్వశాస్త్ర ఆచార్యుడు. ఆమ్హర్‌స్ట్ కాలేజీకి 1912లో అధ్యక్షుడై, ధర్మకర్తలతో విభేదాల వల్ల 1923లో పదవి వదులుకోవలసి వచ్చింది. ఎంపిక పద్ధతి మీద ఆయన విమర్శ సూటిగా ఉండేది. కాలేజీ తనకే తెలియని పొందికను విద్యార్థి కనుక్కోవాలని ఆశిస్తోందని, ఏది ముఖ్యమో చెప్పలేక ఆ పనిని పద్దెనిమిదేళ్ల కుర్రవాడి మీదికి నెడుతోందని ఆ విమర్శ సారాంశం.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆహ్వానం మీద మికిల్‌జాన్ 1927లో ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీ నెలకొల్పాడు. అది డిగ్రీలోని మొదటి రెండేళ్ల చదువు. మొదటి ఏడు ప్రాచీన ఏథెన్స్, రెండో ఏడు ఆధునిక అమెరికా. సబ్జెక్టులు లేవు. ఏథెన్స్‌ను చదువుతున్నప్పుడు నాటకం, యుద్ధచరిత్ర, తత్త్వం, ఆర్థిక జీవితం అన్నీ ఆ నగరం గురించిన ప్రశ్నలుగానే వచ్చేవి. రెండేళ్ల నడుమ ప్రతి విద్యార్థీ తన సొంత ఊరినో ప్రాంతాన్నో పరిశీలించి అధ్యయనం రాయాలి. ఒకే హాస్టల్ భవనంలో విద్యార్థులు ఉండేవారు. అధ్యాపకుల గదులూ అక్కడే. బోధించేవారిని సలహాదారులని పిలిచేవారు. ప్రతివారూ తమ ప్రత్యేక రంగాన్ని దాటి మొత్తం పాఠ్యాన్నీ చదివి చర్చించవలసి వచ్చేది.

ఆ కాలేజీ అయిదేళ్లే నడిచి 1932లో మూతపడింది. చేరేవారు తగ్గారు, ఆర్థిక మాంద్యం వచ్చింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు, వారిలోని యూదులు, విప్లవ భావాలవారు ఎక్కువయ్యారన్న స్థానిక అనుమానాలూ తోడయ్యాయి. మాతృసంస్థలోని డిపార్ట్‌మెంట్ల నుంచి ఆదరణ దక్కలేదు. పొందికైన చిన్న సమాజం చుట్టూ ఉన్న పెద్ద సమాజానికి పరాయిగా కనిపించవచ్చన్నది ఆ ప్రయోగం మిగిల్చిన అనుభవం.

డ్యూయీ, మికిల్‌జాన్ల విభేదం

అధ్యయన బృందాల చరిత్రలో మికిల్‌జాన్‌తో పాటు తప్పక వినిపించే పేరు జాన్ డ్యూయీ. 1916లో వచ్చిన ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’లో ఆయన చదువును అనుభవపు నిరంతర పునర్నిర్మాణంగా వర్ణించాడు. ఇద్దరూ ప్రజాస్వామ్యం కోసమే విద్య అన్నారు, ఇద్దరూ ముక్కలైన చదువును నిరసించారు. ఏకత్వం ఎక్కడి నుంచి రావాలన్న చోట మాత్రం విడిపోయారు.

మికిల్‌జాన్ కాంట్ ప్రభావమున్న భావవాది. మానవులందరికీ ఉమ్మడిగా ఒక వివేకం ఉందని, సమాజానికి ఉమ్మడి ప్రయోజనం ఉందని, చదువు ఆ రెండింటి నుంచే పొందికను తెచ్చుకుంటుందని ఆయన నమ్మకం. డ్యూయీ వ్యావహారికవాది. ఆలోచన ఎప్పుడూ ఎదుట నిలిచిన చిక్కుతోనే మొదలవుతుందని, ఆ చిక్కును విప్పే పనిలోనే భిన్నశాస్త్రాలు కలుస్తాయని ఆయన వాదన. ముందే సిద్ధంగా ఉన్న ఏకత్వం ఆయన లెక్కలో లేదు. 1944లో ఫార్చ్యూన్ పత్రికలో డ్యూయీ ప్రాచీన గ్రంథాల వైపు మళ్లే విద్యావాదాన్ని విమర్శించగా, మరుసటి ఏడు అదే పత్రికలో మికిల్‌జాన్ జవాబిచ్చాడు. ఆ వాదం తెగలేదు.

ఈ విభేదం ఈనాటికీ ఇతివృత్తాల ఎంపికలో బయటపడుతుంది. న్యాయం అంటే ఏమిటి, మనిషి స్వభావం ఏమిటి వంటి ఇతివృత్తాలు మికిల్‌జాన్ వైపువి. ఆకలి, నగర కాలుష్యం, వలసలు వంటివి డ్యూయీ వైపువి. మొదటి రకం ప్రశ్న ఎప్పటికీ పూర్తిగా తీరదు, కనుక లోతు పెరుగుతుంది. రెండో రకం ప్రశ్న విద్యార్థి జీవితాన్ని తాకుతుంది, కనుక పట్టుదల పెరుగుతుంది. మొదటిదానికి పుస్తకాల్లోనే ఇరుక్కునే ప్రమాదం, రెండోదానికి వార్తల వెంట పరుగెత్తే ప్రమాదం ఉన్నాయి.

విస్కాన్సిన్ తర్వాత

మికిల్‌జాన్ శిష్యుడు, తత్త్వశాస్త్ర ఆచార్యుడు జోసెఫ్ టుస్మన్ 1965లో బర్క్‌లీలో అదే ఆలోచనకు మళ్లీ ప్రాణం పోశాడు. గ్రీసు, పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్, అమెరికా అక్కడి ఇతివృత్తాలు. అది కూడా నాలుగేళ్లకే, 1969లో ముగిసింది. ఇతర డిపార్ట్‌మెంట్ల నుంచి అరువుకొచ్చిన అధ్యాపకులతో ఇలాంటి కార్యక్రమం నిలవదని రెండు ప్రయోగాలూ తేల్చాయి.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో 1971లో తరగతులు మొదలుపెట్టిన ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ ఆ పాఠం నేర్చుకుంది. డిపార్ట్‌మెంట్లు లేకుండానే కాలేజీని కట్టారు. భిన్నరంగాల అధ్యాపకులు జట్టుగా ఒకే కార్యక్రమం నడుపుతారు; విద్యార్థి సాధారణంగా ఆ కాలవ్యవధిలో దానికే పూర్తి సమయం ఇస్తాడు. మార్కులకు బదులు అధ్యాపకులు వర్ణనాత్మకమైన మూల్యాంకనం రాస్తారు, విద్యార్థి స్వీయ మూల్యాంకనం రాస్తాడు. న్యూయార్క్ నగరంలోని లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీ మరో దారి చూపింది. పగలు పనిచేసుకుంటూ చదివేవారికి, వలస కుటుంబాల పిల్లలకు కోర్సులను గుత్తులుగా కట్టి ఇవ్వడం 1970లలోనే మొదలుపెట్టింది. హాస్టల్ లేని చోట కూడా ఈ పద్ధతి సాధ్యమేనని అక్కడ రుజువైంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో తత్త్వశాస్త్ర అధ్యాపకుడు పాట్రిక్ హిల్ 1970ల మధ్యలో చేసిన ఏర్పాటు తాత్త్వికంగా మరింత ఆసక్తికరం. అక్కడ మాస్టర్ లెర్నర్ అని ఒకరుండేవారు. ఆయన అధ్యాపకుడే, కానీ ఆ ఇతివృత్తానికి పరాయి రంగంవాడు. తన బోధన బాధ్యతలు పక్కనపెట్టి, జతచేసిన కోర్సులన్నిటిలోనూ విద్యార్థులతో కూర్చుని నోట్సు రాసుకుని, పరీక్షకు తయారయ్యేవాడు. తర్వాత సెమినార్‌లో వారితో కలిసి ఆ కోర్సుల మధ్య పొత్తు వెతికేవాడు. ఒక శాస్త్రంలో ఆరితేరినవాడు మరో శాస్త్రం ముందు తడబడడం విద్యార్థుల కళ్లముందే జరిగేది. తెలియనితనంలోంచి తెలివిడికి ఎలా వస్తారో ఏ పాఠమూ అంత సూటిగా చూపదు. సోక్రటీస్ తన అజ్ఞానాన్ని ఒప్పుకోవడంతో విచారణ మొదలుపెట్టిన పద్ధతికి ఇది కాలేజీ రూపం.

1985లో ఎవర్‌గ్రీన్ ఆధారంగా వాషింగ్టన్ సెంటర్ ఏర్పడి ఈ పద్ధతిని ఇతర కాలేజీలకు వ్యాపింపజేసింది. 2008 నాటికి జార్జ్ కూ రూపొందించిన, విద్యార్థుల మీద ఎక్కువ ప్రభావం చూపే బోధనా పద్ధతుల జాబితాలో అధ్యయన బృందాలు చేరాయి. వింత ప్రయోగంగా మొదలైనది మామూలు ఏర్పాటైంది.

సహాధ్యాయి స్థానం

రెండో నమ్మకం, అంటే తోటివారితో కలిసి చదివితేనే జ్ఞానం బాగా కలుగుతుందన్నది, మొదటిదానికన్నా వివాదాస్పదం. దీనికి బలమైన ప్రతివాది డెకార్ట్. 1619 చలికాలంలో వెచ్చని గదిలో ఒంటరిగా కూర్చుని ఆయన తన పద్ధతిని ఆలోచించాడు. 1637 నాటి గ్రంథంలో ఆ సంగతి చెబుతూ, పలువురు చేతులు వేసిన కట్టడం కన్నా ఒకే శిల్పి కట్టినది పొందికగా ఉంటుందని వాదించాడు. జ్ఞానమూ అంతేనని, నిశ్చయం ఒక్క మనసులో స్పష్టంగా కలగాలని ఆయన అభిప్రాయం.

అమెరికన్ తాత్త్వికుడు చార్లెస్ పర్స్ 1868లో దీన్ని ఖండించాడు. ఒక వ్యక్తికి కలిగిన నిశ్చయం సత్యానికి గీటురాయి కాలేదని, విచారించేవారి సమాజం కాలక్రమంలో చేరుకునే అంగీకారమే ఆధారమని అన్నాడు. తర్కాన్ని గొలుసుతో కాక మోకుతో పోల్చాడు. గొలుసు బలం దాని బలహీనమైన లంకెకు మించదు. మోకులో ఒక్కో పీచు సన్నగా ఉన్నా, చాలినన్ని పెనవేసుకుంటే బరువు ఆగుతుంది. అధ్యయన బృందాల వెనుకనున్న జ్ఞానసిద్ధాంతం పర్స్ చెప్పినదే. డ్యూయీ దాన్ని తరగతి గదికి తెచ్చాడు.

భారతీయ సంప్రదాయం ఇక్కడ మరింత సూక్ష్మంగా ఆలోచించింది. న్యాయదర్శనం చర్చను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజిస్తుంది. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షం స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని కూల్చడానికే చేసేది వితండ. వాదం ఎవరితో చేయాలో న్యాయసూత్రాలు చెబుతాయి: శిష్యుడు, గురువు, సబ్రహ్మచారి, శ్రేయస్సు కోరేవారు, అదీ అసూయ లేనివారైతేనే. సబ్రహ్మచారి అంటే ఒకే గురువు దగ్గర కలిసి చదివేవాడు. గురువుతో పాటు సహాధ్యాయినీ జ్ఞానానికి ద్వారంగా శాస్త్రమే గుర్తించిందన్నమాట. చరకసంహిత విమానస్థానంలో వైద్యుడు అదే విద్య తెలిసినవారితో మాట్లాడాలని చెప్పి, ఆ సంభాషణను రెండు రకాలు చేసింది. స్నేహంగా జరిగేది సంధాయ సంభాష, పోటీగా జరిగేది విగృహ్య సంభాష. ఏది ఎవరితో, ఎప్పుడు తగునో కూడా వివరించింది.

బౌద్ధంలో కల్యాణమిత్రుడి స్థానం ఇంకా పెద్దది. మంచి స్నేహం ధర్మమార్గంలో సగమని ఆనందుడు అంటే, బుద్ధుడు సరిదిద్ది అది సగం కాదు, మొత్తమని చెప్పినట్టు ఉపడ్ఢ సుత్తం చెబుతుంది. యూదుల హవ్రూతా పద్ధతిలో ఇద్దరిద్దరు జతగా కూర్చుని ఒకే గ్రంథభాగాన్ని బిగ్గరగా చదివి, ఒకరి అర్థాన్ని మరొకరు ప్రశ్నిస్తారు. ఈ సంప్రదాయాలన్నిటిలోనూ సహాధ్యాయి చేసే పని సాయం కన్నా ఎక్కువ. అతని ప్రశ్న వల్ల చదివేవాడికి తనకు అర్థమైందనుకున్నది నిజంగా అర్థమైందో లేదో తెలుస్తుంది.

అభ్యంతరాలు

అనుసంధాన చదువు మీద మొదటి అభ్యంతరం లోతు గురించి. ఒక శాస్త్రపు క్రమశిక్షణ అలవడకముందే దాన్ని మరొకదానితో కలిపితే విద్యార్థికి రెండూ పైపైనే తెలుస్తాయి. కలపడానికి ముందు విడిగా ఉన్నవి గట్టిగా ఉండాలి. అరిస్టాటిల్ పక్షాన ఈ మాట బలమైనదే. దీనికి సమాధానంగా, హద్దు ఎక్కడుందో తెలియాలంటే రెండో పక్కనూ చూడాలని అనుసంధానవాదులు అంటారు. అర్థశాస్త్రం నీటికి కట్టే వెలను, చరిత్ర నదికి ఇచ్చే అర్థాన్ని పక్కపక్కన చదివినవాడికే ఏ శాస్త్రం దేన్ని కొలవలేదో తెలుస్తుంది.

రెండోది బలవంతపు ముడి. ఇతివృత్తం మరీ విశాలమైతే, ఉదాహరణకు ‘మార్పు’ అన్న మాటనే పెట్టుకుంటే, ఏ పాఠమైనా దానికి అతుకుతుంది, కనుక ఏదీ అతకనట్టే. మరీ ఇరుకైతే గణితం వంటి సబ్జెక్టును అందులోకి ఈడ్చవలసి వస్తుంది. బీజగణితం దాని సొంత క్రమంలోనే సాగాలి. దాన్ని ఇతివృత్తం చుట్టూ తిప్పడం కష్టం.

మూడోది బృందానికే సంబంధించినది. ఎప్పుడూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారిలో చొరవతో పాటు గుంపుతనమూ పెరుగుతుంది. బృందమంతా ఏకమై ఒక అధ్యాపకుడికి ఎదురుతిరగడం, భిన్నంగా ఆలోచించేవాడిని పక్కన పెట్టడం జరుగుతాయి. న్యాయదర్శనం పెట్టిన అసూయ లేనితనం అనే షరతు ఇక్కడే అక్కరకొస్తుంది. సంఘం ఏకాభిప్రాయంగా మారిన చోట వాదం ఆగిపోతుంది.

ఫలితాల లెక్క కూడా మిశ్రమంగానే ఉంది. విద్యార్థులు చదువు మానేయడానికి కారణాలను పరిశీలించిన విన్సెంట్ టింటో, కాలేజీలో తనకొక చోటుందన్న భావన వారిని నిలబెడుతుందని వాదించాడు. సియాటిల్ సెంట్రల్ కమ్యూనిటీ కాలేజీలో 1990లలో చేసిన పరిశీలన ఆ వాదానికి అనుకూలంగా వచ్చింది. అయితే ఎం.డి.ఆర్.సి. సంస్థ విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి, ముందు బ్రూక్లిన్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో, తర్వాత ఆరు కమ్యూనిటీ కాలేజీల్లో జరిపిన అధ్యయనాల్లో తేలిన సగటు ప్రభావం మితమైనదే. చాలాచోట్ల టైమ్‌టేబుల్‌లో కోర్సులు జతపడ్డాయి గాని బోధనలో జతపడలేదన్న సంగతీ ఆ అధ్యయనాల్లో కనిపించింది. ఒకే పిల్లలను ఒకే గదుల్లో తిప్పడం సులువు. ఇద్దరు అధ్యాపకులు ఒకరి పాఠం ఒకరు వినేలా చేయడానికి సమయం, జీతం, పని లెక్కలు మార్చాలి.

ముడి వేసేదెవరు

ఇంతకూ విద్యల మధ్య పొత్తును వేసేది సిలబసా, అధ్యాపకుడా, విద్యార్థా? అష్టావధానం ఈ ప్రశ్నకు ఒక చక్కని ఉపమానం. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన వంటి అంశాలు అడిగే పృచ్ఛకులు తమలో తాము సంబంధం పెట్టుకోరు. అప్రస్తుత ప్రసంగి ఉన్న కాస్త సంబంధాన్నీ తెంచడానికే కూర్చుంటాడు. ఎనిమిది దారాలూ అవధాని మనసులోనే పేనుకుంటాయి, చివరికి ధారణలో వరుసగా బయటికి వస్తాయి. అనుసంధానం ఎప్పుడూ ఒక మనసులో జరిగే పనేనని డెకార్ట్ పక్షంవారు దీన్ని చూపి అనవచ్చు. కానీ పృచ్ఛకులు లేని అవధానం లేదు. ఎవరూ అడగకపోతే ఆ మనసుకు అన్ని దారాలను ఒకేసారి పట్టుకునే అవసరమే రాదు. పొత్తు ఒక్కరిలోనే కుదురుతుంది. అది కుదరవలసిన అవసరాన్ని ఇతరులు కల్పిస్తారు.

ఈ దృష్టితో చూస్తే రెండు నమ్మకాల మధ్య సంబంధం తేటపడుతుంది. ఒకే ప్రశ్న ముందు నిలబడకపోతే సహాధ్యాయులు కబుర్లకే మిగులుతారు. ఒకరినొకరు ప్రశ్నించే సహాధ్యాయులు లేకపోతే ఇతివృత్తం కరపత్రం మీది మాటగానే మిగులుతుంది. ఇంటర్ సెక్షన్‌లో రెండోది ఉండి మొదటిది లేదు. ఎలియట్ తరహా ఎంపిక పద్ధతిలో మొదటిదానికీ రెండోదానికీ చోటు లేదు. అధ్యయన బృందం రెండింటినీ ఒకచోట పెట్టే ప్రయత్నం.

భారతదేశంలో 2020 జాతీయ విద్యా విధానం బహుశాస్త్రీయ విద్యను లక్ష్యంగా చెబుతూ, బాణుడి కాదంబరి పేర్కొన్న అరవై నాలుగు కళలను గుర్తుచేసింది. డిగ్రీలో మేజర్, మైనర్, ఇతర శాఖల కోర్సులు ఎంచుకునే వీలు పెరిగింది. దీనివల్ల ఒక విద్యార్థి చదివే శాస్త్రాల సంఖ్య పెరుగుతుంది. వాటి మధ్య పొత్తు దానంతట అది పెరగదు. ఎంపిక విస్తరించేకొద్దీ పాత సెక్షన్ చెదిరి, కలిసి చదివే అలవాటు కూడా పలచబడే వీలుంది. హార్వర్డ్‌లో ఎలియట్ తర్వాత ఎదురైన సమస్య అదే. బహుశాస్త్రీయత అన్న మాటకు అనేక శాస్త్రాలు చదవడమని ఒక అర్థం, అనేక శాస్త్రాలతో ఒకే ప్రశ్నను విచారించడమని మరో అర్థం. నారదుడి దగ్గర మొదటిది నిండుగా ఉంది. సనత్కుమారుడి దగ్గరకు ఆయన వెళ్లింది రెండోదాని కోసం.